ఒకటీ రెండూ కలిసి కూర్చునే గది: నగరి వైపు ఒక తరగతి కేస్ స్టడీ

ఆంధ్రప్రదేశ్‌లో తమిళనాడు సరిహద్దుకు దగ్గరగా ఉన్న నగరి, పుత్తూరు వైపు ఊళ్ళలో ఒకటో తరగతినీ రెండో తరగతినీ ఒకే గదిలో కూర్చోబెట్టి ఒకే టీచరు పాఠం చెప్పే బడులు ఉన్నాయి. ఈ కేసు వాటిలో ఏ ఒక్క బడిదీ కాదు. అలాంటి గదుల్లో మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే చిక్కుల్ని ఒక గదిలోకి చేర్చి, అంకెల్ని ఆ గదికి తగ్గట్టు వేసి రాసింది. చదివే టీచరు తన గది లెక్క తనే వేసుకోవాలి.

గదిలో 26 మంది పిల్లలు. ఒకటో తరగతి 12, రెండో తరగతి 14. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు. ఉన్న ఐదు తరగతుల్ని ఇద్దరూ పంచుకుంటే ఒకరికి మూడు, ఇంకొకరికి రెండు. కాగితం మీద 26 మందికి ఒక టీచరంటే తక్కువేమీ కాదు. కానీ ఆ టీచరు చేతిలో రెండు తరగతుల పుస్తకాలున్నాయని ఆ కాగితానికి తెలియదు.

టీచరు ఫిర్యాదు ఒక్క ముక్కలో ఇది: "గోల. పొద్దున్నించి సాయంత్రం దాకా గోల. అరిచి అరిచి గొంతు పోతోంది." దాంతోపాటు ఒక పిల్లవాడి మీద ప్రత్యేకంగా కంప్లయింటు. వాడి సంగతి తర్వాత.

మూడు రోజులు కేవలం చూడటం

ముందు ఏమీ మార్చలేదు. కార్వేటినగరం డైట్ (టీచర్లకు శిక్షణ ఇచ్చే జిల్లా సంస్థ) నుంచి ఇంటర్న్‌షిప్‌కు వచ్చే ఛాత్రోపాధ్యాయుల్లాంటి వాళ్ళు ఎవరైనా గదిలో ఉంటే ఈ పని వాళ్ళకు అప్పజెప్పవచ్చు. వెనక మూలలో కూర్చుని, ప్రతి 5 నిమిషాలకు ఒకసారి తల ఎత్తి, ఎడమ నుంచి కుడికి గది మొత్తం చూసి, చెప్పిన పని మీద చేతులో కళ్ళో ఉన్నవాళ్ళు ఎందరో ఒక అంకె వేయాలి. పక్కన ఆ క్షణంలో టీచరు ఏం చేస్తోందో రెండు మాటల్లో రాయాలి. పిల్లల పేర్లు రాయకూడదు. పేర్లు రాస్తే చూపు ఆ నలుగురి మీదే ఆగిపోతుంది.

మూడో రోజు సాయంత్రానికి కాగితం మీద ఒక ఆకారం కనబడింది. పాఠం నడుస్తున్నప్పుడు అంకెలు 20, 22, 21. పాఠం లేనప్పుడు 8, 9, ఒకసారి 5. గోల రోజంతా లేదు. నాలుగు చోట్ల ఉంది: ప్రార్థన అయ్యాక హాజరు పూర్తయ్యేదాకా, పలకలూ పుస్తకాలూ పంచేటప్పుడు, టీచరు ఒక తరగతిని వదిలి రెండో తరగతి దగ్గరికి వెళ్ళేటప్పుడు, అన్నం గంటకు ముందూ వెనకా. నాలుగూ పనికీ పనికీ మధ్య ఉన్న సందులే. ఆ సందుల్లో పిల్లలకు చేయడానికి ఏమీ లేదు. ఆరేళ్ళ పిల్లవాడికి ఖాళీ చేతులిచ్చి కదలకుండా కూర్చోమంటే, ఆ చేతులు పక్కవాడి మీద పడతాయి.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. అమెరికాలో జాకబ్ కౌనిన్ తరగతి గదుల మీద చేసిన పరిశోధనను 1970లో అచ్చు వేశాడు. అల్లరి మొదలయ్యాక టీచరు ఎలా మందలించిందన్న దాంట్లో మంచి గదులకూ గోల గదులకూ పెద్ద తేడా దొరకలేదు. తేడా అంతా అంతకు ముందే ఉంది: పని తెగకుండా నడపడంలో, ఒక పని నుంచి ఇంకో పనికి సాఫీగా మారడంలో, గదంతా తన కంట్లో ఉందని పిల్లలకు తెలిసేట్టు నిలబడటంలో. మన ట్రైనింగుల్లో మాత్రం ఇప్పటికీ ఎక్కువ సేపు మందలింపు గురించే మాట్లాడతారు.

చప్పుడు గురించి ఒక మాట

ఈ ప్రాంతంలో ఇంకో కారణం కూడా ఉంది. నగరి చుట్టుపక్కల చాలా ఇళ్ళలో పవర్‌లూమ్ మగ్గాలు. మగ్గం నడుస్తుంటే పక్క మనిషికి మాట వినబడాలంటే అరవాల్సిందే. ఆ ఇంట్లో పెరిగిన పిల్లవాడికి అదే మామూలు గొంతు. వాడు అల్లరి చేయడం లేదు, మాట్లాడుతున్నాడు. "మెల్లగా!" అంటే ఎంత మెల్లగానో వాడికి కొలత లేదు.

అందుకే కొలత ఇచ్చారు. మూడు గొంతులు: గుసగుస, గదిమాట, మగ్గం కేక. మొదటి రోజు మూడింటినీ అందరితో పలికించారు. మగ్గం కేక కూడా గదిలోనే, ఒకసారి, కడుపునిండా అరవనిచ్చారు. అరిచాక గానీ మిగతా రెండూ ఏమిటో పిల్లలకు అర్థం కాలేదు. ఆ తర్వాత ఏ పని ఇచ్చినా ముందు గొంతు పేరు చెప్పడమే: "జంటలుగా చదవండి, గుసగుస." బోర్డు పక్కన మూడు బొమ్మలు అంటించి, ఇప్పుడున్న గొంతు దగ్గర బట్టల క్లిప్పు ఒకటి పెట్టారు.

పొద్దుటి సందు: హాజరు

హాజరు పుస్తకంలో 26 పేర్లు పిలవడానికి పట్టే టైం పెద్దది కాదు. ఆ తర్వాత ఫోనులో ఎక్కించడం ఉంది. సిగ్నల్ లేకపోతే టీచరు ఫోను పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్తుంది, వీపు పిల్లల వైపు తిరుగుతుంది. కాగితం మీద 5 అనే అంకె పడింది అక్కడే.

మార్చినది ఇది. గోడకు రెండు తాళ్ళు, ఒకటి 'ఇల్లు', ఒకటి 'బడి'. ప్రతి పిల్లవాడికీ ఒక అట్టముక్క, దాని మీద పేరు, పేరు పక్కన ఒక బొమ్మ: మామిడికాయ, చిలక, కండె, బస్సు. జూన్‌లో చేరే ఒకటో తరగతి వాళ్ళకు పేరు చదవడం రాదు, బొమ్మను బట్టి గుర్తుపడతారు. లోపలికి వస్తూనే తన అట్టను ఇంటి తాడు నుంచి తీసి బడి తాడుకు తగిలించాలి. ఇంటి తాడు మీద మిగిలినవాళ్ళు రానివాళ్ళు. టీచరు తల తిప్పి చూస్తే హాజరు అయిపోయినట్టే. ఫోను పని, పిల్లలకు బోర్డు మీద పని ఇచ్చిన తర్వాత. అదీ గోడకు ఆనుకుని, మొహం పిల్లల వైపే పెట్టి.

అట్ట తగిలించాక చేయాల్సిన పని కూడా అప్పటికే బోర్డు మీద ఉండాలి. రోజూ ఒకే రకం పని: నిన్న నేర్చుకున్న అక్షరమో అంకెనో పలక నిండా. పని రకం రోజూ మారితే "టీచర్, ఏం చేయాల?" అని 26 సార్లు వినాల్సి వస్తుంది. ఆగస్టు నాటికి అట్టల మీది బొమ్మలు కత్తిరించేశారు, పేరు మాత్రం మిగిలింది. అప్పటికి తమ పేరే కాదు, పక్కవాళ్ళ పేర్లూ చదవడం చాలామందికి వచ్చేసింది. హాజరు కోసం పెట్టిన తాడు చదువుకు పనికొచ్చింది.

పిలుపు

గదంతా ఆగి టీచరు వైపు చూడటానికి ఒక పిలుపు కావాలి. "సైలెన్స్" అన్న మాట ఏ గదిలోనైనా మొదటి వారంలోనే అరిగిపోతుంది. బెత్తంతో బల్ల మీద కొట్టడం అంతకన్నా పాడు. ఎవరినీ కొట్టకపోయినా అది కొడతానని చెప్పడమే.

ఈ గదిలో పెట్టుకున్నది "చెమ్మచెక్క" అని టీచరు అంటే "చారడేసి మొగ్గ" అని పిల్లలు అనడం. అంటూ చేతిలోది కింద పెట్టాలి. చేతులు ఖాళీ అయితేనే చెవులు తెరుచుకుంటాయి. నోటితో అనిపించి చేతిలో బలపం అలాగే ఉంచితే ఆ పిలుపు సగమే.

ఇది పాడయ్యే దారులు మూడు. పిలుపు ఇచ్చాక టీచరు వెంటనే మాట్లాడటం మొదటిది: ఇంకా నలుగురు మాట్లాడుతున్నా చెప్పడం మొదలుపెడితే, పిలుపుకు ఆగక్కర్లేదని పిల్లలు నేర్చుకుంటారు. మనసులో ఐదు లెక్కపెట్టి, ఆఖరి తల తిరిగాకే మొదటి మాట రావాలి. రెండోది, పిలిచి ఏమీ చెప్పకపోవడం, లేదా "అల్లరి చేయొద్దన్నానా" అని తిట్టడం. మూడోది మోతాదు. ఒక పూటలో పది, పన్నెండు సార్లు పిలిస్తే పది రోజుల్లో అది పాటగా మారిపోతుంది. ఈ గదిలో మొదటి వారం అదే జరిగింది. రోజుకు ఎన్నిసార్లో గోడ మీద సుద్దముక్కతో గీతలు పెట్టుకుంటే, మూడో వంతు పిలుపులు అసలు అక్కర్లేనివని తేలింది. ఇద్దరే మాట్లాడుతుంటే ఆ ఇద్దరి దగ్గరికి నడిచి వెళ్తే చాలు.

పంచడం, బలపాలు, ఒంటికి

పలకలు పంచే సందును వరసకొక డబ్బాతో మూసేశారు. వరసకు ఏడుగురు, డబ్బాలో ఏడు పలకలు, తొమ్మిది బలపాలు. ఆ రెండు బలపాలూ ఎందుకంటే, ఏ రోజైనా ఒకటి విరుగుతుంది, ఒకటి పోతుంది. "నా బలపం వాడు తీసినాడు టీచర్" అన్న గొడవకు విచారణ పెట్టేకన్నా డబ్బాలోంచి ఇంకోటి తీసి ఇవ్వడం చవక.

బలపం ఎక్కువ ఖర్చయ్యే పిల్లలుంటే ఒక సంగతి గమనించాలి: తింటున్నారేమో. బలపం, సుద్ద, మట్టి తినే పిల్లల్లో రక్తహీనత ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని క్రమశిక్షణ ఖాతాలో వేసి అందరి ముందూ సిగ్గుపెట్టకుండా ఏఎన్ఎంకు చెప్పాలి. అనీమియా ముక్త్ భారత్ (రక్తహీనత లేని భారత్) పథకం కింద 5 నుంచి 9 ఏళ్ళ పిల్లలకు వారానికొకటి ఇచ్చే గులాబీరంగు మాత్రలో 45 మిల్లీగ్రాముల ఐరన్, 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ ఉంటాయి. అది వేసుకునే రోజు ఆ పిల్లలు బడికి వచ్చారా లేదా అన్నది కూడా టీచరే చూసుకోవాలి.

"టీచర్, ఒంటికి" అన్న మాట పాఠం మధ్యలో ఒకరి నోట వస్తే ఐదుగురికి వస్తుంది. ఆపడం మాత్రం తప్పు. ఈ వయసు పిల్లలు నిజంగానే ఆపుకోలేరు, కొత్తగా చేరినవాళ్ళు అడగనే అడగరు. మొదట చెక్క బిళ్ళ ఒకటి మెళ్ళో వేసుకుని వెళ్ళమన్నారు. అది రెండో రోజుకే తడిసి, నాలుగో రోజుకు దొడ్డి వెనక దొరికింది. తర్వాత తలుపు పక్కన రెండు క్లిప్పులు పెట్టారు, అబ్బాయిలకొకటి, అమ్మాయిలకొకటి. వెళ్ళేటప్పుడు కింది తాడుకు మార్చాలి, వచ్చాక పైకి. క్లిప్పు కింద ఉంటే ఎవరో బయట ఉన్నట్టు, వాళ్ళు వచ్చేదాకా ఆగాలి. అడగక్కర్లేదు, పాఠం తెగదు. రెంటికి అయితే మాత్రం చెప్పి వెళ్ళాలి. ఒకటో తరగతి పిల్లలకు సాయం కావచ్చు.

అసలు చిక్కు: టీచరు అటు తిరిగినప్పుడు

రెండు తరగతుల గదిలో గోలలో సగం ఇక్కడే పుడుతుంది. ఒక తరగతికి పాఠం చెబుతుంటే రెండో తరగతి "రాసుకోండి" అన్న మాట మీద బతకాలి. ఏం రాసుకోవాలి, ఎంత, అయ్యాక ఏం చేయాలి, ఏదీ లేదు.

ఈ గదిలో 40 నిమిషాల పీరియడ్‌ను ఇలా కోశారు. మొదటి 3 నిమిషాలు రెండు తరగతులూ కలిసి ఒక పాటో మాటో. తర్వాత 3 నిమిషాలు రెండో తరగతికి పని అప్పజెప్పడం. ఆ పైన 12 నిమిషాలు ఒకటో తరగతితో పాఠం. 2 నిమిషాలు నడక, అంటే గది మొత్తం ఒక చుట్టు తిరిగి, రెండో తరగతి పలకలు చూసి, ఒకటో తరగతికి పని ఇవ్వడం. మళ్ళీ 12 నిమిషాలు రెండో తరగతితో. 5 నిమిషాలు అందరివీ దిద్దడం, 3 నిమిషాలు సర్దడం.

మొదట్లో ఇది నాలుగో నిమిషంలోనే కూలిపోయింది. రెండో తరగతికి పని అప్పజెప్పే ఆ 3 నిమిషాలూ ఒకటో తరగతి చేతులు ఖాళీ. దానికి మందు, పాట ముగిసే లోపలే ఒకటో తరగతి ముందు సోడా సీసా ప్లాస్టిక్ మూతలు పోయడం. పదేసి మూతల గుంపులు చేస్తూ ఉంటారు. చింతగింజలు కూడా పనికొస్తాయిగానీ రెండో తరగతికే. ఐదారేళ్ళ పిల్లలు చింతగింజను ముక్కులో పెట్టుకుంటారు, దాన్ని తీయడానికి నగరి ఆస్పత్రి దాకా పోవాలి.

టీచరు లేకుండా నడిచే పనికి మూడు పరీక్షలు. నిన్నో మొన్నో టీచరుతో కలిసి చేసిన పనే అయ్యుండాలి, కొత్తది కాకూడదు. కావాల్సిన వస్తువులన్నీ మొదలుపెట్టే ముందే చేతిలో ఉండాలి. చేసింది సరిగా ఉందో లేదో పిల్లవాడికే తెలిసిపోవాలి. ఈ మూడోదాన్ని ఎక్కువమంది వదిలేస్తారు. అంకెల చీటీలకు వెనక అన్ని చుక్కలు పెడితే, తిప్పి లెక్కపెట్టుకుంటాడు. వెనక ఏమీ లేకపోతే ప్రతి లెక్కకూ చీటీ పట్టుకుని టీచరు కొంగు పట్టుకుంటాడు.

తర్వాతి గండం "అయిపోయింది టీచర్!" చురుకైన ముగ్గురు నాలుగు నిమిషాల్లో ముగిస్తారు, వాళ్ళ చుట్టూ గోల మొదలవుతుంది. గోడ మీద 'అయిపోయాక' అని మూడు బొమ్మలు పెట్టారు: పలక వెనక బొమ్మ వేయి, కథల పుస్తకం మూల నుంచి ఒకటి తీసుకో, చీటీల డబ్బా ఇంకోసారి. ఎంచుకోవడం పిల్లవాడి ఇష్టం. ఇంకో లెక్కను బహుమతిగా ఇస్తే మాత్రం రెండో రోజు నుంచి వాడు నిదానంగా చేయడం మొదలుపెడతాడు.

మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ వాళ్ళు పల్లె బడుల కోసం రూపొందించిన పద్ధతిలో ఈ సమస్యకు ఇంకా లోతైన జవాబుంది. అక్కడ పాఠం మొత్తం మెట్ల వరసలో పెట్టిన కార్డులు, ఒక్కో పిల్లవాడు తన మెట్టు మీద తను ఉంటాడు. టీచరుతో చేసే పని, తోటివాళ్ళతో చేసే పని, ఒంటరిగా చేసే పని వేరువేరు గుంపుల్లో నడుస్తాయి. కార్డులు తయారు చేసుకోవడానికి చేతినిండా పని పడుతుంది. ఒక టీచరు ఒక్కరోజులో దాన్ని ఎత్తుకోలేరు. కానీ 'టీచరుతో ఒక గుంపు, టీచరు లేకుండా ఒక గుంపు' అన్న ముక్క ఒక్కటి తెచ్చుకున్నా ఈ గదికి చాలింది.

కూర్చోబెట్టడం కూడా మారింది. బడుల మరమ్మతుల పథకం నాడు-నేడు కింద వచ్చిన డెస్కులు బాగున్నాయి, అయితే ఒకటో తరగతి పిల్లల కాళ్ళు నేలకు ఆనవు. వేలాడే కాళ్ళు ఊగుతాయి, ఊగే కాళ్ళు ముందువాడి వీపును తంతాయి. పొద్దున పూట అందరూ అనే "తన్నినాడు టీచర్"లో సగం ఇదే. ఒకటో తరగతిని పట్టా మీద కూర్చోబెట్టి, రెండో తరగతి డెస్కుల్ని దానికి అడ్డంగా తిప్పి, టీచరు నిలబడే చోటును రెండూ కలిసే మూలకు మార్చారు. అక్కడి నుంచి ఏ తరగతికి చెబుతున్నా రెండోది కంటి అంచులో ఉంటుంది. కుర్చీ మాత్రం గది వెనక్కి పోయింది.

ఒక పిల్లవాడు

రెండో తరగతి. ఏడేళ్ళు. ఇంట్లో అరవం. ఫిర్యాదు: తోస్తాడు, వస్తువులు లాక్కుంటాడు, చెప్పినమాట వినడు.

ఐదు రోజులు ఒక చిన్న పుస్తకంలో మూడు గళ్ళు గీసి రాశారు: ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత ఏం జరిగింది. మూడో గడి లేకుండా రాస్తే ఈ పుస్తకం వట్టి నేరాల జాబితా అవుతుంది.

సోమవారం 10.50. టీచరు: "పలకలు లోపల పెట్టి, తెలుగు పుస్తకం తీసి, నిన్నటి పేజీ తెరిచి, మొదటి వాక్యం మీద వేలు పెట్టండి." వాడు పలక లోపల పెట్టాడు. పక్కవాడి వైపు చూశాడు. పక్కవాడి పుస్తకం తన వైపు లాగాడు. గొడవ. వాణ్ణి గోడ దగ్గర నిలబెట్టారు.

మంగళవారం 11.55. అన్నానికి లైను. కదలకుండా ఆరు నిమిషాలు. ముందువాణ్ణి తోశాడు. లైను చివరికి పంపారు.

బుధవారం 10.45. చదివే గంట మొదలవుతూనే పక్కపిల్ల జడ లాగాడు. గోడ దగ్గర నిలబెట్టారు. గంట అయ్యేదాకా అక్కడే.

మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకే ఊపిరిలో నాలుగు పనులు చెబితే వాడికి మొదటిదే అందుతోంది, మిగతా మూడు పక్కవాణ్ణి చూసి తెలుసుకుంటున్నాడు. పుస్తకం లాగడం దౌర్జన్యం కాదు, ఏ పేజీయో చూసుకోవడం. ఇక గోడ దగ్గర నిలబెట్టడం వాడికి శిక్షగా పనిచేయడం లేదు. చదవలేని గంటను అది తప్పిస్తోంది. బుధవారం నాటికి వాడికి ఆ దారి తెలిసిపోయింది.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. గుంజీలు, గోడకుర్చీ, అందరి ముందు నిలబెట్టి సిగ్గుపెట్టడం ఆ గీతకు అవతలే ఉంటాయి. చట్టం లేకపోయినా ఈ కేసులో ఆ శిక్ష గిట్టుబాటు కాలేదు.

మార్చినవి: ఒకసారికి ఒకే పని చెప్పడం, చెబుతూ ఆ వస్తువును చేత్తో ఎత్తి చూపడం. మొదటి రెండు వారాలు తెలుగు మాట పక్కనే అరవం మాట: "పలక తీయండి, ఎడు", "కూర్చోండి, ఉక్కారు". ఈ పని వల్ల తెలుగు పాడవుతుందన్న భయం కొందరికుంటుంది. మూడో వారానికి అరవం మాట మానేసినా పిల్లలు తడబడలేదు. ప్రశ్న అడిగాక మూడు సెకన్లు ఆగడం ఇంకోటి. అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లో గమనించింది ఇదే: టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక సెకను ఆగుతారు, దాన్ని మూడు సెకన్లు చేస్తే జవాబులు పొడుగవుతాయి, మాట్లాడని పిల్లలూ మాట్లాడతారు. తెలుగులో విని, అరవంలో ఆలోచించి, మళ్ళీ తెలుగులో చెప్పాల్సిన పిల్లవాడికి ఆ మూడు సెకన్లు కూడా తక్కువే.

వాడికి పలకలు పంచే పని ఇచ్చారు. రెండో వారంలో అది బెడిసికొట్టింది. తనకు నచ్చనివాళ్ళకు పలక ఇవ్వకుండా పట్టుకోవడం మొదలుపెట్టాడు. పని తీసేయకుండా, ఇంకో పిల్లను జత చేసి, వారానికొకసారి జంటలు మార్చారు. అధికారం ఒకరి చేతిలో ఉంటే ఏడేళ్ళవాడైనా వాడుకుంటాడు.

వాళ్ళమ్మను బడికి రమ్మని కబురు పెడితే ఆమెకు అర్థమయ్యేది ఒక్కటే: కొడుకు ఏదో చేశాడు. అందుకే మొదటి కబురు మంచిదే వెళ్ళింది. సాయంత్రం గేటు దగ్గర నాలుగు మాటలు: "అమ్మా, మీ అబ్బోడు ఇయ్యాళ పలకలన్నీ సరిగ్గా పంచినాడు." పొద్దున మగ్గం ఎన్నింటికి మొదలవుతుంది, వాడు ఎన్నింటికి పడుకుంటాడు లాంటివి తర్వాతి వారం ఆమే చెప్పింది.

ఆరో వారానికి లాక్కోవడం దాదాపు ఆగింది. తోయడం తగ్గిందిగానీ పోలేదు. లైను పొడుగైన రోజున ఇప్పటికీ తోస్తాడు. అక్కడ మారాల్సింది లైను.

అన్నం లైను

ఒక కుళాయి. 26 మంది. చేతులు సబ్బుతో కడగడానికి తలా 20 సెకన్లు. మొత్తం 520 సెకన్లు, దాదాపు 9 నిమిషాలు. ఆకలితో ఉన్న ఆఖరి పిల్లవాడు అంతసేపు కదలకుండా నిలబడాలి. కుళాయి పక్కన బకెట్లు రెండు, చెంబులు రెండు పెడితే మూడు చోట్లు అయ్యాయి, సుమారు 3 నిమిషాలు. ఒకసారికి ఆరుగురిని మాత్రమే పంపి, మిగతావాళ్ళకు గదిలో కథ నడిపించారు. గుడ్డు ఉన్న రోజు ఒకటో తరగతి వాళ్ళు ఒలుచుకోలేక కూర్చుంటారు. రెండో తరగతి వాళ్ళను జత చేస్తే ఆ గోల ఉండదు. తిన్నాక మొదటి పది నిమిషాలు చదవమనీ రాయమనీ చెప్పకపోవడమే మంచిది.

పెట్టి తీసేసినవి

మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాసే లీడరు. లీడరు స్నేహితుల పేర్లు ఎప్పుడూ పడవు. పేరు పడినవాడు పాఠం వినడం మాని లీడరును చూస్తూ కూర్చుంటాడు. రెండు రోజుల్లో తీసేశారు.

స్టార్ స్టిక్కర్లు. మొదటి వారం ఊపు, రెండో వారానికి అవే ఐదు నోటుపుస్తకాల మీద నక్షత్రాలు, మిగతావాళ్ళు ఆశ వదులుకున్నారు. నోటితో, ఏం చేశాడో చెప్పి మెచ్చుకోవడం ఇంతకన్నా నిలబడింది. "గుడ్" అంటే ఏది మంచిదో తెలియదు. "చెప్పకముందే మూతలు డబ్బాలో వేసినావే" అంటే పక్కన ముగ్గురు వేస్తారు.

జట్ల ఆట. 1969లో అమెరికాలో 24 మంది ఉన్న ఒక నాలుగో తరగతి గదిలో, తరగతిని రెండు జట్లు చేసి నడవడి మీద పోటీ పెట్టిన పద్ధతి బాగా పనిచేసి పేరు పొందింది. ఇక్కడ మొదటిసారి వరసల వారీగా జట్లు వేయడం పొరపాటైంది. పైన చెప్పిన పిల్లవాడున్న వరస రోజూ ఓడి, నిందంతా వాడి మీద పడింది. జట్లు రోజూ కలిపి వేసి, ఒక్కరే ఓడించలేనంత వెసులుబాటు పెట్టి, రోజులో 15 నిమిషాలకు మాత్రం కుదించాక ఉంచదగ్గదిగా మారింది.

ఆడికృత్తిక తర్వాత

నాలుగు సందుల్లో మొదటి మూడూ ఐదో వారానికి కుదిరాయి. అప్పుడు సుబ్రహ్మణ్యస్వామి పండుగ ఆడికృత్తిక వచ్చింది. సగంమంది తిరుత్తణికి, చుట్టాలిళ్ళకు వెళ్ళిపోయారు. వచ్చాక మొదటి రోజు గది జూన్‌లో ఎలా ఉందో అలా ఉంది. ఇది ఓటమి కాదు, లెక్కలో వేసుకోవాల్సిన ఖర్చు. దసరా, సంక్రాంతి తర్వాత కూడా ఇంతే. సెలవు తర్వాత మొదటి పూట పాఠం పెట్టుకోకుండా, పిలుపు, డబ్బాలు, లైను మూడింటినీ ఆటగా మూడేసి సార్లు చేయిస్తే మధ్యాహ్నానికి దారికొస్తుంది. ఒకటో తరగతికి రెండో తరగతి వాళ్ళే నేర్పుతారు.

ఇంకా కుదరనిది టీచరు సెలవు పెట్టిన రోజు. వచ్చిన టీచరుకు ఈ వరసలేవీ తెలియవు, పిల్లలు ఆ సంగతి మొదటి ఐదు నిమిషాల్లోనే పసిగడతారు. అందుకని బీరువా తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించారు. పిలుపు ఏమిటి, దానికి పిల్లలేమంటారు. ఇల్లు, బడి తాళ్ళు. క్లిప్పు కింద ఉంటే ఎవరో బయట. పీరియడ్ కోత, నిమిషాలతో సహా. అరవం మాట్లాడే పిల్లలు ఎవరు, ఎక్కడ కూర్చుంటారు. చేతులు కడగడానికి ఆరుగురు చొప్పున. చింతగింజలు రెండో తరగతికే. అదనపు బలపాలు కిటికీ మీద నీలం డబ్బాలో.